స్వర్ణోత్సవానికి జ్ఞాపికలు, జట్లకు టీషర్టులు: చేయించినవారు అనుభవాలు చెప్పగలరు

నాగావళి తీరం (శ్రీకాకుళం):
మా ఉన్నత పాఠశాల పూర్వ విద్యార్థులం సంక్రాంతి సెలవుల్లో స్వర్ణోత్సవం జరుపుకుంటున్నాం. సుమారు 250 మందికి జ్ఞాపికలు, పన్నెండుమంది గురువులకు సత్కారం, నాలుగు వాలీబాల్ జట్లకు పేర్లతో టీషర్టులు కావాలి. పదేళ్ల క్రితం ఇచ్చిన యాక్రిలిక్ షీల్డులు ఇప్పుడు చాలా ఇళ్లలో బీరువాల మీద దుమ్ము పట్టి ఉన్నాయి. ఈసారి ఇచ్చే వస్తువును మనిషి ఇష్టంగా దాచుకోవాలన్నది మా కోరిక.

కోట కూడలి (విజయనగరం):
అన్నిటికన్నా ముందు తెలుగు అక్షరాలను జాగ్రత్తగా చూసుకోండి. మా క్రీడా సంఘం టీషర్టుల డిజైన్‌ను ఇక్కడి డీటీపీ కేంద్రంలో అను ఫాంటుతో కూర్చి, ముద్రణకు వేరే ఊరు పంపాం. అక్కడి కంప్యూటర్లో ఆ ఫాంటు లేకపోవడంతో ‘స్వర్ణోత్సవం’ ముక్కలై, వత్తులు ఎక్కడెక్కడో పడి, 120 టీషర్టులూ వృథా అయ్యాయి. అను వంటి పాత ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల సంకేతాల మీదే తెలుగు ఆకారాలను కూర్చుకుంటాయి కనుక, ఫాంటు లేని చోట ఆ మాట మాటగా నిలవదు. కోరల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో అక్షరాలను కర్వ్స్‌గా, అంటే ఫాంటుతో పనిలేని గీతల ఆకారాలుగా మార్చి పంపితే ఈ ఇబ్బంది రాదు. చిహ్నాన్ని కూడా వాట్సాప్‌లో వచ్చిన ఫొటో నుంచి తీసుకోకుండా, వెక్టార్‌గా, అంటే ఎంత పెంచినా చెదరని గీతల బొమ్మగా మళ్లీ గీయించండి. ఫొటోను పెద్దది చేస్తే అంచులు మసకబారతాయి.

పొందూరు నేత (శ్రీకాకుళం):
గురువులకు పొందూరు ఖద్దరు ఉత్తరీయాలు ఇవ్వండి. వాలుగ చేప దవడతో పత్తిని ఏకి, చేత్తో వడికి నేసిన ఆ బట్ట మీద పెద్ద రంగు ముద్ర వేయిస్తే దాని మెత్తదనం పోతుంది, నాకైతే మనసు కూడా నొచ్చుకుంటుంది. ఒక మూలన చిన్న ఎంబ్రాయిడరీ చాలు. అయితే దారంతో కుట్టేటప్పుడు చిన్న అక్షరాల్లో వత్తులు, గుడులు పూడుకుపోతాయి కాబట్టి, అక్కడ సంవత్సరం, చిహ్నం మాత్రమే ఉంచి పూర్తి పేరును పెట్టె మీద అచ్చు వేయించండి. చేతిపని కనుక ఇప్పుడే చెప్పి ఉంచండి.

బొబ్బిలి వాసి:
ముఖ్య అతిథికి బొబ్బిలి వీణ నమూనా ఇవ్వవచ్చు. గొల్లపల్లిలో పనస చెక్కతో పెద్ద వీణలు చేసే కళాకారులే ఈ చిన్నవాటినీ చెక్కుతారు. 250 మందికీ ఇదే ఇవ్వాలనుకుంటే మాత్రం ఖర్చూ, గడువూ రెండూ సరిపోవు. పేరును వీణ మీద చెక్కించవద్దు, అడుగు పలక మీద చిన్న ఇత్తడి రేకు బిగించండి.

కోట కూడలి:
రేకు మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. చెక్క, యాక్రిలిక్ చెక్కే సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) లేజరు వట్టి ఇత్తడి మీద పట్టదు, లోహం మీద చెక్కే ఫైబర్ లేజరు ఉన్న దుకాణమే వెతకాలి. సారవకోట మండలం బుడితి నుంచి ఇత్తడి వస్తువులు తెచ్చుకున్నా ఇదే వర్తిస్తుంది. జట్ల టీషర్టులకు సబ్లిమేషన్ (వేడితో రంగును బట్టలోకి ఎక్కించే ముద్రణ) కావాలంటే బట్ట పాలిస్టర్ అయి ఉండాలి, నూలు మీద ఆ రంగు నిలవదు. కొలతలు ఫోనులో అడిగి రాసుకోకండి. ప్రతి ఆటగాడి చేత నమూనా చొక్కా తొడిగించి, పేరు పక్కనే సైజు రాయించండి. మేము అడిగి రాసుకున్నందువల్ల పదకొండు చొక్కాలు బిగుతయ్యాయి.

నాగావళి తీరం:
అందరికీ కృతజ్ఞతలు. గురువులకు ఉత్తరీయాలు, ముఖ్య అతిథికి వీణ, జట్లకు పాలిస్టర్ చొక్కాలు అని నిన్నటి సమావేశంలో నిర్ణయించాం. మిగిలిన 250 మందికి బుడితి ఇత్తడి గంట ఇద్దామని ఒక మిత్రుడు సూచించగా, బడి గంట గుర్తుకొచ్చి అందరూ వెంటనే ఒప్పుకున్నారు. అక్షరాల నమూనాను మా తెలుగు మాస్టారు చదివి సంతకం చేశాకే పనికి పంపుతాం. గంటల ధర కనుక్కోవడానికి ఆదివారం బుడితి వెళ్తున్నాం.