నల్ల అంచు చేపకు నూరు రూపాయలు ఎక్కువిచ్చాను, మూడు నెలల్లో నలుపు మాయం: మోసమా, చేప గుణమా?

గుంటూరు తొట్టి:
గోల్డ్‌ఫిష్ పెంచిన అనుభవం ఉన్నవాళ్లు తీర్పు చెప్పాలి. జూన్‌లో మా ఊళ్లో ఒక దుకాణంలో మూడు చేపలు కొన్నాను. రెండు మామూలు నారింజ రంగువి, ఒక్కొక్కటి 60 రూపాయలు. మూడోదానికి 160 ఇచ్చాను. దాని రెక్కల అంచులకూ తోక చివరకూ కాటుక దిద్దినట్టు నలుపు ఉంది. "ఇది ఎరుపు నలుపు రకం, తక్కువగా వస్తాయి" అన్నాడు అమ్మినాయన. మా అమ్మాయి దానికి కాటుక అనే పేరు పెట్టింది.

సెప్టెంబరు చివరికి కాటుకకు కాటుక లేదు. వీపు రెక్క కొసన ఆవగింజంత మిగిలింది, అంతే. మిగతా రెండింటిలో ఒకటి పొట్ట దగ్గర మొదలై తెల్లబడుతూ, ఇప్పుడు సగం పాలమీగడలా ఉంది. దుకాణానికి వెళ్లి అడిగితే "మేత ఏమి వేస్తున్నారు?" అని నన్నే ఎదురు అడిగి, రంగు పెంచే మేత అంటూ 250 రూపాయల డబ్బా చేతిలో పెట్టాడు. తప్పంతా బోరు నీళ్లదే అని మా బావమరిది వాదన. చేపలు మాత్రం చలాకీగానే ఉన్నాయి, వేసింది వేసినట్టు తింటున్నాయి.

నన్ను మోసం చేశారా? పోయిన రంగు తిరిగి వస్తుందా?

అనుమానాల అప్పారావు:
ఇందులో అడగడానికి ఏముందండీ. రంగు వేసి అమ్మారు. చేపలకు సూదితో రంగు ఎక్కిస్తారని ఎప్పటినుంచో వింటున్నదే. గోడకు వేసిన సున్నం కూడా ఇంతకంటే ఎక్కువ కాలం ఉంటుంది.

అంగట్లో కూర్చున్నవాడు:
నేను అమ్మేవాళ్ల తరఫు మనిషిని, ముందే చెబుతున్నాను. మా కొట్టు వేరే ఊళ్లో. సూదితో రంగు ఎక్కించడం ఉంది, కాదనను. గ్లాస్‌ఫిష్ అని, ఒంటిలోంచి ఎముకలు కనిపించే చిన్న చేప ఉంటుంది. పాపిష్టి పని, దానికి చేసేవారు. గోల్డ్‌ఫిష్‌కు ఆ అవసరమే లేదు, సొంత రంగే కావలసినంత ఉంది. మద్రాసు కొళత్తూరు చేపల సంత నుంచి వచ్చిన సంచి విప్పితే చాలా చేపలకు ఆ నల్ల అంచులు ఉండనే ఉంటాయి, చిన్న పిల్లలు కాబట్టి. రంగు నిలవాలంటే మాత్రం మంచి మేత వేయాలి. చవక మేత వేసి, రంగు పోయిందని కొట్టుమీదికి వస్తే మేమేం చేయాలి?

అనుమానాల అప్పారావు:
"చిన్న పిల్లలు కాబట్టి" అని మీ నోటితోనే వచ్చింది. మరి "వేరే రకం" అని నూరు రూపాయలు ఎక్కువ ఎందుకు గుంజినట్టు?

పాత జువాలజీ మాస్టారు:
కాస్త ఆగండి, డబ్బుల సంగతి తరవాత. గోల్డ్‌ఫిష్ బంగారు రంగుతో పుట్టదు. దాదాపు వెయ్యేళ్ల కిందట, సోంగ్ వంశం ఏలుబడిలో, చైనా చెరువుల్లో ఉండే బూడిద పచ్చ రంగు చేపల్లో అరుదుగా కనిపించే పసుపు, ఎరుపు వాటిని ఏరి విడిగా పెంచుతూ రాగా స్థిరపడిన జాతి ఇది. ఇప్పటికీ ఎక్కువ రకాల్లో పిల్ల మొదట ఆ తాతల రంగులోనే పెరుగుతుంది.

చర్మంలో రంగునిచ్చే కణాలు ఒక్క రకం కావు. నలుపువి మెలనోఫోర్లు, పసుపు నుంచి ఎరుపు దాకా ఇచ్చేవి శాంతోఫోర్లు. లోహంలా మెరుపునిచ్చేవి ఇంకొన్ని, వాటిలో గ్వానిన్ స్ఫటికాలు ఉంటాయి. పిల్లకు రెండు మూడు నెలలు వచ్చాక మెలనోఫోర్లు చనిపోవడం మొదలవుతుంది. నీళ్లు వెచ్చగా ఉంటే ఇంకా త్వరగా. అవి తొలగితే నారింజ బయటపడుతుంది. మనం రంగు వచ్చిందంటాం, నిజానికి ముసుగు పోయింది. చింతపండుతో ఇత్తడి చెంబు తోముతుంటే ఎలా తేలుతుందో అలా, ముందు పొట్ట, తరవాత పక్కలు, ఆఖరున వీపు, రెక్కల అంచులు. మీ కాటుక ఆ తోముడు సగంలో ఉండగా మీ ఇంటికి వచ్చింది.

కొన్ని చేపల్లో ఈ పని నలుపుతో ఆగదు. నారింజ కణాలు కూడా పోయి తెలుపు మిగులుతుంది. ఇదంతా వంశంలో ఉన్న రాత. మేతకు సంబంధం లేదు.

అంగట్లో కూర్చున్నవాడు:
మాస్టారూ, గౌరవంతోనే అంటున్నాను, "మేతకు సంబంధం లేదు" అనేది నల్లబల్ల మీది మాట. ఒకే సంచిలో వచ్చిన చేపలను రెండు తొట్లలో వేసి, ఒకదానికి స్పైరులినా అనే నాచు పొడి కలిసిన మేత, ఇంకోదానికి మామూలు మేత వేసి చూశాను. నెల తిరిగేసరికి కొనేవాళ్ల వేలు ఏ తొట్టి వైపు వెళ్లిందో నాకు తెలుసు.

డాబామీద టబ్బులు:
మా డాబామీద నాలుగు టబ్బులున్నాయి. పోయిన ఫిబ్రవరిలో గుడ్లు పెట్టించి పిల్లలను పెంచాను, 37 బతికాయి. మాస్టారు చెప్పింది కళ్లారా చూశాను. ఏప్రిల్ దాకా అన్నీ ఇనుప రంగులో చెరువు పరికెల్లా ఉన్నాయి. ఎండలు ముదిరేసరికి ఒక్కొక్కటీ పొట్ట కింద పసుపు పూసుకోవడం మొదలుపెట్టాయి. ఆగస్టుకు 35 మారాయి, రెండు మాత్రం ఇప్పటికీ ఇనుప రంగే. వాటి అన్నదమ్ములు తిన్నదే అవీ తిన్నాయి.

అయితే ఇంకో సంగతి. ఆ పిల్లల్లో పదింటిని హాల్లో గాజు తొట్టిలో పెట్టాను. మేత ఒకటే, డబ్బా ఒకటే. డాబామీదివి కుంకుమలా ఉంటే హాల్లోవి నారింజ తొనల్లా వెలవెలబోయాయి. అందుకే నా ఓటు మేతకు కాదు, ఎండకు.

పాత జువాలజీ మాస్టారు:
అమ్మా, ఒక ప్రశ్న. డాబామీది టబ్బు గోడలు పచ్చగా ఉన్నాయా?

డాబామీద టబ్బులు:
ఉన్నాయి. నాచు గీకడం మానేసి చాలా రోజులైంది. పొద్దున వెళ్లేసరికి చేపలు గోడకు మూతులు ఆనించి గీరుకుంటూ ఉంటాయి. ఓ, మీరు ఎటు వస్తున్నారో అర్థమైంది.

పాత జువాలజీ మాస్టారు:
అదే. ఎండ ఉన్నచోట నాచు ఉంటుంది, నాచులో కెరొటినాయిడ్లు అనే పసుపు, ఎరుపు రంగు పదార్థాలు ఉంటాయి. చేప వాటిని ఒంట్లో తయారు చేసుకోలేదు, తినే తెచ్చుకోవాలి. వాటిలో ఒకటైన, నాచులోనూ మొక్కజొన్నలోనూ ఉండే పసుపు జియాజాంతిన్‌ను ఎర్రటి ఆస్టాజాంతిన్‌గా మార్చుకునే శక్తి గోల్డ్‌ఫిష్‌కు ఉంది. కాబట్టి మీ డాబా పరీక్షలో ఎండ గెలిచిందో నాచు గెలిచిందో చెప్పలేం. రెండూ కావచ్చు, ఎందుకంటే చీకట్లో ఉంచిన గోల్డ్‌ఫిష్ పాలిపోవడం తెలిసిన విషయమే. అంగడి మిత్రుడికి ఒక మెట్టు దిగుతున్నాను. ఎరుపు ఎంత చిక్కగా ఉంటుందన్నది మేత చేతిలో ఉంది. "సంబంధం లేదు" అన్నది తొందరపాటు.

అంగట్లో కూర్చున్నవాడు:
అయితే గుంటూరు వారి తెల్లచేప నా మేతతో మళ్లీ నారింజ అవుతుందని ఒప్పుకున్నట్టేనా?

డాబామీద టబ్బులు:
కాదు, దీనికి మాస్టారు అక్కరలేదు. నా దగ్గర ఎరుపు తెలుపు కలిసిన చేప ఒకటి ఉంది. తల ఎరుపు, నడుము తెలుపు, తోక మొదట్లో మళ్లీ ఎరుపు. ఏడాదిగా స్పైరులినా తింటోంది. ఎరుపు ఇంకా ఎరుపెక్కింది, తెలుపు తెలుపుగానే ఉంది. రెండూ ఒకే నోటితో తిన్న మేతే కదా! మేతే రంగు తెచ్చేటట్టయితే నడుము ఎందుకు ఎర్రబడలేదు? రంగు దాచుకునే గది అక్కడ లేదు, ఎంత సరుకు పంపితే ఏం లాభం.

అంగట్లో కూర్చున్నవాడు:
ఎక్కువ వేస్తే తెలుపు మీద లేత గులాబీ జీర వస్తుంది, నేను చూశాను. అయినా మీ పాయింటు పాయింటే. సగం తెల్లబడిన చేపకు ఆ డబ్బా ఇవ్వడం నేనైతే చేయను. ఇంకా నారింజగా ఉన్న రెండింటికీ పనికొస్తుంది, పారేయకండి.

అనుమానాల అప్పారావు:
వంశంలో రాసి ఉంటే, చెరువుల్లో వదిలేసిన గోల్డ్‌ఫిష్‌ల సంతతి కొన్ని తరాలకు మళ్లీ గోధుమ పచ్చ రంగుకు తిరుగుతుందని అంటారు కదా, అదెలా? అక్కడి నీళ్లే మార్చినట్టు కాదా?

పాత జువాలజీ మాస్టారు:
నీళ్లు కాదు, కొంగలు. చెరువులో ఎర్రగా మెరిసే చేప ముందు కొంగ కంట పడుతుంది. మీరు పైన చదివిన ఆ ఇనుప రంగు రెండు పిల్లలు ఉన్నాయే, అలాంటివి బతికి పిల్లలు పెడతాయి. చైనాలో మనిషి ఏరినదానికి ఇది తిరగబడ్డ ఏరివేత. ఒక్క చేప కూడా తన రంగు మార్చుకోలేదు అక్కడ.

నగోయా నుంచి:
ఉద్యోగం కోసం జపాన్‌లో ఉంటున్నాను. మా ఊరినుంచి రైల్లో అరగంట లోపే యతోమి, ఈ దేశంలో గోల్డ్‌ఫిష్ పెంపకానికి పేరున్న పట్టణాల్లో ఒకటి. ఇక్కడివాళ్లకు ఈ రంగు మార్పు ఎంత మామూలంటే మెట్టు మెట్టుకూ పేరుంది. ఇంకా మారని పిల్ల అవోకో. నలుపు సగం పోయి మచ్చలు మచ్చలుగా ఉన్నదాన్ని తోరాహగే అంటారు, మాటకు మాట చెబితే పులి బట్టతల! మొత్తం మార్పుకు తాయిషోకు అని పేరు, అంటే రంగు వదలడం. రంగు రావడం అనరు. మాస్టారి ఇత్తడి చెంబు మాట వీళ్ల భాషలోనే ఉంది.

ఇంకా విచిత్రం వినండి. జికిన్ అనే రకానికి ఒళ్లంతా తెల్లగా ఉండి మూతి, మొప్పల మూతలు, రెక్కలు, తోక మాత్రమే ఎర్రగా ఉండాలి. సహజంగా అలా కుదరడం బహు అరుదు. అందుకని చేప పిల్లగా ఉండగానే అక్కరలేని చోట పొలుసులు గీకి రంగు పోగొడతారు. ఇది దొంగచాటు పని కాదు, పెంపకంలో ఒక నేర్పుగా చలామణీ అవుతుంది. అదే పని మన దగ్గర ఎవరైనా చేస్తే అప్పారావు గారు పోలీసులను పిలుస్తారు.

అనుమానాల అప్పారావు:
పిలుస్తాను. కానీ మీరే చూడండి, అక్కడ కొనేవాడికి గీకారని తెలుసు. ఇక్కడ గుంటూరు వారికి నలుపు పోతుందని తెలియదు. సూది సంగతి వెనక్కి తీసుకుంటున్నాను. మోసం అన్న మాట మాత్రం తీసుకోను.

అంగట్లో కూర్చున్నవాడు:
ఆయనకు కూడా తెలియకపోవచ్చు కదండీ. మాలో చాలామంది సంచి విప్పి అమ్మేవాళ్లం, పెంచేవాళ్లం కాదు. చేప మా దగ్గర వారం పది రోజులు ఉంటే ఎక్కువ. నలుపు పోవడం ఇంట్లో జరుగుతుంది, కొట్లో జరగదు. గోల్డ్‌ఫిష్‌లోనే పెద్ద కళ్ల నల్ల మూర్ రకం కూడా వయసు మీద పడితే చాలాసార్లు కంచు రంగుకు తిరుగుతుంది. అది తెలిశాక నేను చెప్పి అమ్ముతున్నాను. తెలియకముందు నేనూ "నలుపు గ్యారంటీ" అన్నవాడినే.

డాబామీద టబ్బులు:
తెలియక చెబితే "ఎరుపు నలుపు రకం, తక్కువగా వస్తాయి" అన్న కథ ఎక్కడినుంచి వచ్చింది? తెలియనివాడు ఊరుకోవాలి. సంచిలో చాలావాటికి నలుపు ఉంటుందని మీరే అన్నారు, ఇక తక్కువ ఎక్కడ? నా లెక్కలో చేపకు 60, కథకు నూరు.

గుంటూరు తొట్టి:
నవ్వు వచ్చింది, నూరు రూపాయలు పోయినా. మరి బోరు నీళ్ల సంగతి ఎవరూ తేల్చలేదు. బావమరిది రోజూ అడుగుతున్నాడు.

పాత జువాలజీ మాస్టారు:
మీ చేపలకు జరిగినదానికి బోరు నీళ్లు కారణం కాదు. నీళ్ల తప్పు ఉంటే వేరేలా కనిపిస్తుంది. ఉన్నట్టుండి ఒంటిమీద మసి పులిమినట్టు కొత్త నలుపు వస్తే, చేపల మలినాల నుంచి నీళ్లలో చేరే అమోనియా కాల్చిన చర్మం మానుతోందని అర్థం. గాయం మానేచోట కూడా అలాంటి నలుపు వచ్చి కొన్ని వారాల్లో పోతుంది. తెల్ల రెక్కల్లో ఎర్రటి నరాలు తేలితే అది రంగు కాదు, రక్తం. అప్పుడు నీళ్లు పరీక్షించాలి, కొంత తీసి కొత్తవి పోయాలి. కొత్త తొట్టి కదా, ఫిల్టరులో ఆ అమోనియాను విరిచే మేలు బ్యాక్టీరియా స్థిరపడటానికి నెల పైన పడుతుంది. ఆ నెలలో మేత తగ్గించి వేయాల్సింది. మీవి చలాకీగా ఉన్నాయంటే గండం గడిచినట్టే.

డాబామీద టబ్బులు:
ఇంకొకటి. ఫోటో తీయడానికి తెల్ల బేసిన్‌లో వేసి, రంగు తగ్గిందని కంగారు పడకండి. నేను పడ్డాను. ఇనుప రంగు పిల్లను అందులో వేస్తే, ఫోను సరిచేసుకునేలోపే ఒక చాయ తేలిపోయింది. మళ్లీ పచ్చ టబ్బులో వదిలితే మామూలే.

పాత జువాలజీ మాస్టారు:
అవును, అప్పుడు కణాలు చావవు. కణంలో పరుచుకున్న నలుపు రేణువులు మధ్యకు ముడుచుకుంటాయి, అంతే. నేల రంగును కన్ను చూసి హార్మోన్లతో చెప్పే పని.

గుంటూరు తొట్టి:
నిన్న మళ్లీ ఆ దుకాణానికి వెళ్లాను. గొడవ పడదామనే వెళ్లాను. యజమాని లేడు, పనిచేసే కుర్రవాడు తొట్టి కడుగుతున్నాడు. నల్ల అంచు చేపలు ఇప్పుడు కూడా విడిగా ఒక తొట్టిలో ఉన్నాయి, ధర 160 అని చీటీ. "ఈ నలుపు ఉంటుందా బాబూ?" అని అడిగాను. వాడు తల ఎత్తకుండా, "ఉండదు సార్, పిల్లలు కదా" అన్నాడు. నేను అడిగాను కాబట్టి చెప్పాడు. జూన్‌లో నేను అడగలేదు. దీన్ని ఏమనాలో మీరే చెప్పండి.

అనుమానాల అప్పారావు:
మోసమే.

అంగట్లో కూర్చున్నవాడు:
వ్యాపారం.

డాబామీద టబ్బులు:
ఆ కొసన మిగిలిన ఆవగింజ కూడా పోతుంది. అమ్మాయి చేత ఈ వారంలోనే ఒక ఫోటో తీయించి పెట్టండి, పేరెందుకు పెట్టారో రేపు ఎవరైనా అడిగితే చూపించడానికి.