‘సెట్’కి తెలుగేమిటి?

ప్రశ్న: ఇంగ్లీషు ‘సెట్’కి సరిపోయే ఒక్క తెలుగు మాట చెప్పండి. నిఘంటువు తెరిస్తే ఉంచు, పెట్టు, అమర్చు అంటూ పేజీ నింపేశారు. మనం రోజూ అనే ‘ఆ రంగు నీకు సెట్ కాలేదు’ మాత్రం అందులో లేదు.

జవాబు: ఒక్క మాట దొరకదండీ. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు 1989 ముద్రణలో ఈ ఒక్క క్రియకే 430 అర్థాలిచ్చారు, వాటి వివరణకు 60,000 మాటలు పట్టాయి. తర్వాత ‘రన్’ 645తో దాన్ని దాటేసింది, అది వేరే కథ.

అసలు ఇవి రెండు మాటలు. క్రియ పాత ఇంగ్లీషు ‘సెట్టన్’, అంటే కూర్చోబెట్టడం. మనకు ఆగు-ఆపు, మారు-మార్చు, కాలు-కాల్చు ఎలాగో వాళ్లకు సిట్-సెట్, ఫాల్-ఫెల్ (పడు-పడగొట్టు), రైజ్-రెయిజ్ అలాగ. గుంపు అనే అర్థమున్న నామం లాటిన్ ‘సెక్టా’ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. తర్వాత రెండూ కలగలిసిపోయాయనుకోండి. చెస్ సెట్టు, లెక్కల్లో సమితి, ప్లేటుకు రెండో మూడో కలిపి ఇచ్చే సెట్ దోసె ఈ రెండో ఇంటివి. (ఎంసెట్‌లోని ‘సెట్’ ఏ ఇంటిదీ కాదు, కామన్ ఎంట్రన్స్ టెస్ట్ పొడి అక్షరాలు!)

తెలుగు చేసేటప్పుడు మాటను వదిలేసి పనిని చూడండి. అలారం పెడతాం, ముహూర్తం పెడతాం, నిప్పు పెడతాం. పాటకు బాణీ కడతాం. పొద్దు గూకుతుంది, పెరుగు తోడుకుంటుంది. ఇక ‘సెట్ కాలేదు’ మన సొంత వాడుక, ఇంగ్లీషువాడు అక్కడ ‘సూట్’ అంటాడు. రంగు నప్పలేదు, వాళ్లిద్దరికీ పొసగదు, సంబంధం కుదిరింది: ఇన్ని మంచి మాటల్ని ఒక్క ‘సెట్’ మింగేసిందని నా బాధ. ‘లైఫ్‌లో సెట్ అయ్యాడు’ మాత్రం తోక తెగిన ‘సెటిల్’ అనుకుంటాను. అదీ సిట్, సెట్‌ల చుట్టమే లెండి.

ఈ జవాబు కింద పాఠకుల మాటలు:

– సిమెంటు సెట్ అవడాన్ని ‘గట్టిపడటం’ అని రాసేయకండి సార్, సివిల్ ఇంజనీర్లం ఒప్పుకోం. మామూలు సిమెంటుకి ఇనీషియల్ సెట్టింగ్ (సెట్ అవడం మొదలు) 30 నిమిషాల్లోపు రాకూడదు, ఫైనల్ సెట్టింగ్ (అది పూర్తవడం) 600 నిమిషాలు దాటకూడదు. గట్టిపడటం ఆ తర్వాత రోజుల తరబడి సాగే పని. అందుకే బలం 28 రోజులకు చూస్తాం.

– అయితే ‘బిగుసుకోవడం’ అందామా?

– బాగుంది. సిమెంటు మాలు బిగుసుకుంటుంది, తర్వాత గట్టిపడుతుంది. రెండు దశలూ తేలిపోయాయి.

– ఒకటి మరిచారు. ఉంగరంలో రాయిని కూర్చినా, కోడిని గుడ్ల మీద కూర్చోబెట్టినా ఇంగ్లీషులో ‘సెట్’ అనే అంటారు. మనమూ రాయిని పొదుగుతాం, కోడిని పొదగేస్తాం!

– అరె! ఇన్నేళ్లుగా రెండూ అంటున్నాను, పక్కపక్కన పెట్టి చూడనే లేదు.