పాత బోర్డు, 1440పీ మానిటర్: గ్రాఫిక్స్ కార్డుగా ఆర్‌ఎక్స్ 7600 తీసుకోవాలా, ఆర్‌టీఎక్స్ 3060 12జీబీనా?

27 అంగుళాల 1440పీ, 165 హెర్ట్జ్ మానిటర్ కొన్నాను. నా జీటీఎక్స్ 1660 సూపర్ (6జీబీ) గ్రాఫిక్స్ కార్డు దాన్ని లాగలేకపోతోంది. సైబర్‌పంక్ 2077 గేమ్ మీడియం సెట్టింగ్‌లో 35 ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఫ్రేములు) దాటడం లేదు. 1080పీ నుంచి 1440పీకి మారితే పిక్సెళ్లు 20.7 లక్షల నుంచి 36.9 లక్షలయ్యాయి కాబట్టి వేగం తగ్గుతుందని తెలుసు. అసలు బాధ అది కాదు. జనం ఎక్కువున్న వీధిలోకి వెళ్లగానే వీ-ర్యామ్ (కార్డులోని మెమరీ) నిండిపోయి బొమ్మ ఆగి ఆగి కదులుతోంది.

డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ మార్చాను, డ్రైవర్ పూర్తిగా తీసేసి మళ్లీ వేశాను, టెక్స్చర్లు తగ్గించాను. ఎఫ్‌ఎస్‌ఆర్ (తక్కువ పిక్సెళ్లతో గీసి పెద్దది చేసే పద్ధతి) క్వాలిటీ మోడ్‌లో పెడితే వేగం పెరిగింది గానీ దూరంగా ఉన్న తీగలు, కంచెలు మిణుకుమిణుకుమంటున్నాయి. గేమ్‌ని 1080పీకి దించితే అక్షరాలన్నీ మసక. అలా ఆడటానికైతే ఈ మానిటర్ అక్కర్లేదు కదా!

ప్రాసెసర్ ఐ5-10400ఎఫ్, ర్యామ్ 16జీబీ, పవర్ సప్లై 550 వాట్లు. మదర్‌బోర్డులో కార్డు పెట్టే స్లాట్ పాత పీసీఐఈ 3.0 వరకే ఉంది. బడ్జెట్ 25 వేలు, సెకండ్ హ్యాండ్ వద్దు. 7600 వేగం ఎక్కువే, కానీ దానికి 8 లేన్లే (బోర్డుతో డేటా మార్చుకునే దారులు), మెమరీ కూడా 8జీబీయే. 3060కి 16 లేన్లు, 12జీబీ ఉన్నాయి.

పీసీఐఈ 3.0 బోర్డు మీద 1440పీలో ఈ రెండింటిలో ఏదైనా వాడుతున్నవాళ్లు చెప్పండి: ఏది ఆగకుండా నడుస్తోంది?