షుగర్‌కు వాడే నాటు పొడి, విటమిన్ బిళ్లలు, పెరిగిన క్రియాటినిన్: వీటికి సంబంధం ఉందా?

ప్రశ్న (తెనాలి వాసి):
మా నాన్నగారికి చాలా ఏళ్లుగా షుగర్ ఉంది. కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్షలో నిరుడు 1.1 ఉన్న క్రియాటినిన్ ఈసారి 1.7కు చేరింది, మూత్రంలో ప్రోటీన్ కూడా పోతోంది. ఇంకేమైనా వాడుతున్నారా అని డాక్టరుగారు అడిగితే ఏమీ లేదన్నారు. తీరా ఇంట్లో చూస్తే షుగర్‌కని నాటువైద్యుడి దగ్గర తెచ్చుకున్న బూడిదరంగు పొడి పొట్లాలు, కరోనా కాలం నుంచి రోజూ చప్పరిస్తున్న విటమిన్ సి బిళ్లలు, మోకాళ్ల నొప్పులకని చీటీ లేకుండానే కొన్న విటమిన్ డి గోళీలు కనిపించాయి. వాటిని మందులుగా ఆయన లెక్కే వేయరు. జిమ్‌కు వెళ్లే మా తమ్ముడు కండల కోసం క్రియేటిన్ అనే పొడి వాడుతున్నాడు, వాడి రిపోర్టులోనూ క్రియాటినిన్ కాస్త ఎక్కువే ఉంది. వీటిలో దేనిని అనుమానించాలి?

జవాబు 1 (డయాలసిస్ నర్సు):
షుగర్ వల్లే కిడ్నీ దెబ్బతిని ఉండవచ్చు గనుక నేరమంతా పొడి మీదకు నెట్టలేము. అయినా ముందుగా ఆపవలసింది దానినే. పాదరసం కలిసిన దేశీయ ఔషధాలు వాడినవారిలో మెంబ్రేనస్ నెఫ్రోపతీ అనే కిడ్నీ జబ్బు వస్తున్నట్టు వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల వైద్యులు 2022లో ప్రచురించారు. ఆ జబ్బులో మూత్రం ద్వారా ప్రోటీన్ విపరీతంగా పోతుంది, కాళ్లు నీరు పడతాయి. అయితే మందు ఆపేశాక చాలామందిలో అది నెమ్మదించింది. కేరళలో కొన్ని తెల్లబరిచే క్రీములు పూసుకున్నవారిలోనూ ఇదే జబ్బు బయటపడింది, అంటే పాదరసం నోటి ద్వారానే రావాలని లేదు.

జవాబు 2 (ఆయుర్వేద వైద్యుడు):
పేరూ లైసెన్సు నంబరూ లేని పొట్లాన్ని ఆయుర్వేదం ఖాతాలో వేయడం నాకు సమ్మతం కాదు. విషద్రవ్యాలుగా ఔషధ నిబంధనల షెడ్యూల్ ఇ-1లో చేర్చినవి లోపలికి తీసుకునే మందులో ఉంటే, వైద్యుని పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరికను లేబుల్ మీద అచ్చువేయడం తప్పనిసరి. అలాగని మూలికలన్నీ నిరపాయమని చెప్పి మా వృత్తిని వెనకేసుకు రాను. 1990ల తొలినాళ్లలో బ్రస్సెల్స్‌లోని ఒక బరువు తగ్గించే క్లినిక్‌లో చైనా మూలికల గోళీలు తిన్న స్త్రీలకు కిడ్నీలు వరుసగా పాడయ్యాయి; ఒక వేరుకు బదులు, చైనా భాషలో దాదాపు అదే పేరున్న అరిస్టొలోకియా జాతి వేరు వాటిలో కలిసింది. అలాంటి రోగుల సంఖ్య తరువాత వంద దాటింది. అంతటితోనూ పోలేదు: కిడ్నీలు పూర్తిగా దెబ్బతిన్న 39 మందికి ముందుజాగ్రత్తగా కిడ్నీలనూ మూత్రనాళాలనూ తొలగించి చూస్తే, 18 మందిలో క్యాన్సర్ ఉన్నట్టు 2000లో వెల్లడించారు. మన పల్లెల్లో పాముకాటుకు వాడే ఈశ్వరి, నులిపురుగులకు వాడే గాడిదగడపాకు ఆ అరిస్టొలోకియా జాతివే. గుర్తు తెలియని పొడిలో ఏ ఆకు నూరారో, ఏ వేరు దంచారో నావంటివాడు కూడా చూసి చెప్పలేడు.

జవాబు 3 (మందుల షాపు నడిపేవాడు):
నాకు ఎక్కువ భయం విటమిన్ డి గురించే. అరవై వేల యూనిట్ల గోళీని సాధారణంగా వారానికి ఒకటి చొప్పున కొన్ని వారాలే రాస్తారు, కానీ స్ట్రిప్‌లో వరుసగా ఉన్నాయి కదా అని రోజూ ఒకటి మింగేవారు ఉన్నారు. అది కొవ్వులో కరిగే విటమిన్ కాబట్టి అదనంగా పడింది మూత్రంలో పోకుండా శరీరంలోనే పేరుకుంటుంది. రక్తంలో కాల్షియం పెరిగి, దాహం, వాంతులు, మలబద్ధకం మొదలై, కిడ్నీలు దెబ్బతింటాయి. నాన్నగారు ఎన్నాళ్లకు ఒకటి వేసుకుంటున్నారో అడగండి. ఇక విటమిన్ సి రోజుకు వంద మిల్లీగ్రాములలోపే చాలు, చప్పరించే బిళ్లలో సాధారణంగా ఐదువందలుంటుంది. మిగులులో కొంత భాగం ఆక్సలేట్ అనే పదార్థంగా మారుతుంది, అది స్ఫటికాలుగా కిడ్నీలో చేరుతుంది. కిడ్నీ ముందే బలహీనపడినవారికి ఆ ముప్పు ఎక్కువ. తమ్ముడి సంగతి వేరు. క్రియేటిన్ వాడితే కిడ్నీ బాగున్నా క్రియాటినిన్ కొంత పెరుగుతుంది కనుక, ఆ సంగతి డాక్టరుకు చెప్పి కిడ్నీ పనితీరును మరో విధంగా చూసే సిస్టాటిన్-సి రక్తపరీక్ష అవసరమా అని అడగమనండి.

ప్రశ్నించినవారు:
విటమిన్ డి రోజు విడిచి రోజు వేసుకుంటున్నారట! అన్నీ ఆపించాను. డాక్టరుగారి ముందు ఈ విషయం ఎత్తితే నాన్నగారు చిన్నబుచ్చుకుంటారేమోనని సందేహంగా ఉంది.

జవాబు 1 (డయాలసిస్ నర్సు):
డాక్టరు రాసిచ్చిన షుగర్, బీపీ మందులు మాత్రం మానిపించకండి. నాటుమందు సంచిని కొంగు చాటున దాచుకుని వచ్చేవారిని మా యూనిట్‌లో చూస్తూనే ఉంటాం, దానికి ఎవరూ కోప్పడరు. పొట్లాలు పారేయకుండా, విటమిన్ స్ట్రిప్‌లతో కలిపి ఒక కవర్లో వేసుకెళ్లి బల్ల మీద పెట్టండి. రక్తంలో కాల్షియం, విటమిన్ డి, పాదరసం, సీసం చూడాలా, బయాప్సీ (కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) అవసరమా అన్నది వాటిని చూశాక డాక్టరుగారు నిర్ణయిస్తారు. ఈలోగా వాంతులు, మగత వచ్చినా, మూత్రం తగ్గినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి.