మానవ హక్కుల కమిషన్ స్వచ్ఛంద సంస్థలకు డబ్బు పంచవచ్చా?

నిర్మొహమాటం (చర్చ ప్రారంభించినవారు)

శాన్‌ఫ్రాన్సిస్కో మానవ హక్కుల కమిషన్ గొడవ కొందరు చూసే ఉంటారు. చూడనివారికి క్లుప్తంగా చెబుతాను. 2020లో పోలీసు చేతిలో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి వ్యక్తి హత్య తర్వాత, పోలీసు పద్దులో కొంత కోసి నల్లజాతి ప్రజల కోసం ఖర్చు పెడతామని అప్పటి మేయర్ లండన్ బ్రీడ్ ప్రకటించారు. రెండేళ్లకు 12 కోట్ల డాలర్లు. 'డ్రీమ్ కీపర్' పేరుతో 2021లో పథకం మొదలైంది. పెత్తనం మానవ హక్కుల కమిషన్‌కు అప్పగించారు. 2024 సెప్టెంబరులో కమిషన్ డైరెక్టరు రాజీనామా చేశారు. ఆమె ఎవరితో ఒకే ఇంట్లో ఉంటున్నారో, ఆయన నడిపే స్వచ్ఛంద సంస్థకే 15 లక్షల డాలర్ల ఒప్పందాలు ఆమె ఆమోదంతో వెళ్లాయని, ఆ సంగతి ఆమె వెల్లడించలేదని పత్రికలు బయటపెట్టాయి. 2025లో ఆ సంస్థకు ఇక నగర ఒప్పందాలేవీ దక్కకుండా చేసేందుకు నగర ప్రభుత్వ న్యాయవాది (సిటీ అటార్నీ) చర్య మొదలుపెట్టారు.

అందరూ ఆ ఇద్దరి గురించే మాట్లాడుకుంటున్నారు. నాకు వాళ్ల సంగతి అక్కరలేదు. వివక్ష ఫిర్యాదులు విచారించే కార్యాలయానికి చెక్కుబుక్కు ఇవ్వడమే అసలు తప్పు అంటాను. రేపు ఆ నిధులు తీసుకున్న సంస్థ మీదే అందులో పనిచేసే ఉద్యోగి ఫిర్యాదు చేస్తే విచారించేది ఎవరు? నిధులు ఇచ్చినవారే. తమ ఎంపిక తప్పని తామే రాసుకుంటారా?

వానచినుకు

ఆ కమిషన్ ఎలా పుట్టిందో మరచిపోతే ఇలాంటి వాదనలే వస్తాయి. 1964లో ప్యాలెస్ హోటల్ లాబీలో వందలమంది యువతీయువకులు బైఠాయించారు. నల్లవారికి అక్కడ మంచి ఉద్యోగాలు ఇవ్వడం లేదని. అరెస్టులు జరిగాయి, చివరకు హోటళ్ల యజమానులు దిగివచ్చి ఒప్పందం చేసుకున్నారు. కమిషన్ ఏర్పడింది ఆ ఏడాదే. జనం వీధికెక్కితే వచ్చిన కార్యాలయం అది. దాన్ని కోర్టుగా మార్చి, తలుపు దగ్గర టోకెన్లు ఇచ్చి కూర్చోమంటే ఎవరు వస్తారు?

ఒక ఉదాహరణ. ప్రభుత్వం ఇచ్చే అద్దె సహాయపు వోచరుతో ఇల్లు వెతుక్కుంటున్న ఒక పెద్దావిడకు ఇంటి యజమాని "వోచర్లు తీసుకోము" అంటాడు. ఆవిడ సరే అని వెళ్లిపోతుంది. అలా అనడం కాలిఫోర్నియాలో 2020 జనవరి నుంచి చట్టవిరుద్ధమని ఆవిడకు తెలియదు. చెప్పేది ఎవరు? కమిషన్ వెబ్‌సైటా? ఆవిడ వారానికొకసారి ఉచితంగా కూరగాయల సంచి తెచ్చుకునే స్వచ్ఛంద సంస్థలో పనిచేసే అమ్మాయి చెబుతుంది. "అమ్మా, ఆయన ఏమన్నాడు? ఎప్పుడన్నాడు? ఫోనులో మెసేజ్ ఉందా?" అని అడుగుతుంది. ఆ అమ్మాయి జీతం ఎక్కడి నుంచి రావాలంటారు, నిర్మొహమాటం గారూ?

ఇంకొకటి. నల్లవారు ఎక్కువగా ఉండే ఫిల్‌మోర్ ప్రాంతాన్ని 'పునరభివృద్ధి' పేరుతో పడగొట్టి నల్లవారిని వేల సంఖ్యలో వెళ్లగొట్టింది ఇదే నగరం. 1970లో నగర జనాభాలో 13 శాతం దాకా ఉన్నవారు ఇప్పుడు 5 శాతం దగ్గర ఉన్నారు. అలాంటివారి దగ్గరకు నగర ప్రభుత్వం గుర్తింపు కార్డు మెడలో వేసుకుని వెళితే తలుపు తీస్తారా?

గోదారి గట్టు

మన దేశంలో ఈ చింతే లేదు. 1993 మానవ హక్కుల పరిరక్షణ చట్టం పన్నెండో సెక్షన్‌లో, మానవ హక్కుల రంగంలో పనిచేసే స్వచ్ఛంద సంస్థల కృషిని ప్రోత్సహించాలని రాసి ఉంది. రాష్ట్ర కమిషన్లకూ అది వర్తిస్తుంది. డబ్బు ఊసు లేదు. తెలంగాణ కమిషన్‌లో 2022 డిసెంబరు తర్వాత 2025 దాకా ఛైర్మన్ లేరు, సభ్యులూ లేరు. ప్రోత్సహించడానికి ముందు కుర్చీలో మనిషి ఉండాలి కదా!

పాత లెక్కలు

మీరిద్దరూ ఎవరు ఇవ్వాలనే దగ్గరే ఆగిపోయారు. ఎలా ఇస్తున్నారో చూడండి.

నేను ఇక్కడ అమెరికాలో ఒక చిన్న సంస్థకు లెక్కలు రాసిపెట్టాను. బడి అయ్యాక పిల్లలకు పాఠాలు చెప్పే కేంద్రం. ఊరి పేరు, సంస్థ పేరు వద్దు. గ్రాంటు వచ్చిందంటే డబ్బు చేతికి వచ్చిందని అర్థం కాదు. ముందు మనం ఖర్చు పెట్టాలి, రసీదులు అతికించి పంపాలి, వాళ్లు చూసి తిరిగి ఇవ్వాలి. ఒకసారి నెల బిల్లు మొత్తం వెనక్కి వచ్చింది. కారణం అరటిపండ్ల రసీదు. వేడికి అచ్చు ఎగిరిపోయే కాగితం అది, దుకాణం పేరు కనిపించడం లేదట. ఆ ఒక్క రసీదు తీసేసి మిగతాది చెల్లించండి అంటే కుదరదు, బిల్లు మళ్లీ మొదటి నుంచి పెట్టాలి. ఈలోపు కేంద్రం నడిపే ఆవిడ తన సొంత క్రెడిట్ కార్డు మీద గది అద్దె కట్టింది. డబ్బు అందేసరికి ఆ పిల్లలు పై తరగతికి వెళ్లిపోయారు.

ఇలాంటి పద్ధతిలో బతికి బట్టకట్టేది ఎవరు? బ్యాంకులో నిల్వ ఉన్న పెద్ద సంస్థలు. లేదా లోపల తెలిసినవారు ఉండి, ఒక ఫోనుతో ఫైలు కదిలించుకోగలవారు. గ్రాంటు కన్నా ఆ ఫోను నంబరు విలువైనది. పరిచయాలు లేనిదే పని జరగని ఏర్పాటు చేసి, పరిచయస్తులకే డబ్బు వెళ్లిందని గగ్గోలు పెడితే ఏం లాభం? ఈ పనిని మరో శాఖకు మార్చినా పరిచయాలు ఆ శాఖకు మారతాయి, అంతే.

నిర్మొహమాటం

పాత లెక్కలు గారూ, పరిచయాలు శాఖ మారితే మారనివ్వండి. కనీసం ఫిర్యాదు విచారించే కార్యాలయం మీద మచ్చ పడదు. న్యూయార్క్ చూడండి. నల్లవారు ఎక్కువగా ఉండే హార్లెంలో 1943 అల్లర్ల తర్వాత అప్పటి మేయర్ లగార్డియా 1944లో వేసిన ఐక్యతా కమిటీ నుంచి అక్కడి మానవ హక్కుల కమిషన్ పెరిగింది. అందులో చట్టాన్ని అమలు చేసే విభాగం ఒకటి, స్థానిక సమాజాలతో సంబంధాలు చూసే విభాగం ఒకటి. జనం దగ్గరకు వెళ్లడానికి సొంత మనుషులు ఉన్నారు. నగర మండలి సభ్యులు స్థానిక సంస్థలకు కేటాయించే డబ్బు చాలావరకు యువజన, సమాజాభివృద్ధి శాఖ మీదుగా పోతుంది. ఉద్దేశపూర్వకంగా వివక్ష చూపినవారికి ఆ కమిషన్ రెండున్నర లక్షల డాలర్ల దాకా జరిమానా వేయగలదు. అంత అధికారం ఉన్నవారు ఎవరికీ దాతలుగా ఉండకూడదు.

రేగడి మట్టి

ఇంతసేపూ 'సమాజం' అంటూ మాట్లాడుతున్నారు కాబట్టి మన సంగతే అడుగుతాను. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగర మండలి కుల వివక్షను నిషేధించింది. అమెరికాలో అలా చేసిన మొదటి నగరం. కాలిఫోర్నియాలో అదే ఏడాది శాసనసభ ఆమోదించిన బిల్లును గవర్నర్ తిప్పిపంపారు. పాత చట్టాలే చాలని ఆయన వాదన. సరే, సియాటిల్‌లోనే ఉన్నామనుకుందాం. తెలుగువారిలో ఈ చట్టం గురించి ప్రచారం చేయడానికి నగరం గ్రాంటు ఇస్తుంది. ఎవరికి ఇస్తుంది? దరఖాస్తు రాయగలిగిన, సభలకు హాలు దొరికే, వెయ్యిమంది ఈమెయిళ్లు చేతిలో ఉన్న సంఘానికి. ఆ సంఘం కార్యవర్గం ఎలా ఉంటుందో నేను చెప్పనక్కరలేదు. ఆఫీసులో తోటి తెలుగు మేనేజరు మాటల మధ్యలో ఇంటిపేరు, ఊరు, పెళ్లికి ఏ సంప్రదాయమని ఆరా తీసి, ఆ తర్వాత ముఖం మార్చేశాడని ఒక దళిత అమ్మాయి చెప్పుకోవాలి. ఆ మేనేజరు ఉగాది సభలో వేదిక మీద కూర్చునే సంఘానికి వెళ్లి చెప్పుకుంటుందా?

వానచినుకు గారూ, మీ కూరగాయల సంచి అమ్మాయి నిజమే. కానీ ప్రతి సంఘంలోనూ ఆ అమ్మాయి ఉండదు. కొన్ని చోట్ల ఎవరి మీద ఫిర్యాదు చేయాలో వారే గుమ్మం దగ్గర నిలబడి ఉంటారు.

వానచినుకు

అందుకే చిన్న సంస్థలకు ఇవ్వమంటున్నాను. అంబేడ్కరైట్ బృందాలు ఉన్నాయి కదా. వాటికి హాలు లేకపోవచ్చు, నమ్మకం ఉంది.

రేగడి మట్టి

ఉన్నాయి. వాటికి బ్యాంకు నిల్వ లేదు. పాత లెక్కలు గారి అరటిపండ్ల రసీదు దగ్గరే ఆగిపోతాయి. పైగా గ్రాంటు తీసుకున్నాక నగరాన్ని తిట్టగలవా? తిట్టడమే వాటి పని.

గోదారి గట్టు

తిట్టగలగాలంటే చందాల మీద బతకాలి. మన హక్కుల సంఘాలు అలా బతికినవే. అయితే అవి ఇంటింటికీ కూరగాయలు ఇవ్వలేవు, అదీ నిజమే.

పాత లెక్కలు

ఇక్కడొక తేడా గమనించండి. పాఠాలు చెప్పడం, కూరగాయలు పంచడం సేవ. నీ హక్కు ఇది, ఫిర్యాదు ఇలా చేయాలి అని చెప్పడం వేరే పని. డ్రీమ్ కీపర్‌లో ఈ రెండూ కలిసిపోయాయి. ఇంటి కొనుగోలుకు ముందస్తు చెల్లింపు అప్పులు మాత్రం గృహనిర్మాణ విభాగం మీదుగా వెళ్లాయి, మిగతా సేవలనూ అలాగే తగిన శాఖలకు పంపవచ్చు. హక్కుల ప్రచారం మాత్రం కమిషన్ సొంత ఉద్యోగులు చేయాలి. తెలుగు వచ్చినవారిని, ఆయా బస్తీల్లో పుట్టి పెరిగినవారిని జీతమిచ్చి పెట్టుకోవాలి. చిన్న సంస్థలకు ఇచ్చే మొత్తంలో నాలుగో వంతు ముందే చేతికి ఇచ్చి, సంతకం చేసిన అధికారికీ ఆ సంస్థకూ ఉన్న బంధుత్వం, స్నేహం, ఉమ్మడి చిరునామా ఏదైనా సరే బిల్లు పక్కనే ప్రకటించాలి.

వానచినుకు

బస్తీలో పెరిగిన మనిషిని ఉద్యోగంలో పెట్టుకుంటే ఆ బస్తీలోని సంస్థలన్నీ ఆయనకు చుట్టాలే అవుతాయి. మీ ప్రకటన పత్రం నాలుగు పేజీలు దాటుతుంది. అప్పుడు ఆయన్ని అనర్హుడంటారా?

పాత లెక్కలు

అనను. నాలుగు పేజీలూ రాయమంటాను. సంతకం మాత్రం పక్క గది వారితో పెట్టించండి.

నిర్మొహమాటం

పక్క గది వారిని నియమించేదీ అదే డైరెక్టరు. నా అభ్యంతరం అక్కడే ఉంది.