గోడకు తగిలించే చిన్న బొంత: పాత చీరలతో కుట్టినవాళ్లు మీ అనుభవం చెప్పండి

సూదిదారం_అనంతపురం:
అందరికీ నమస్కారం. మా అవ్వ ధర్మవరం పట్టుచీర ఒకటి మడతల దగ్గర చీలిపోయింది. కట్టుకునేదానికి పనికిరాదు, పారేసేదానికి మనసొప్పదు. కొంగూ అంచులూ మాత్రం ఇంకా బాగున్నాయి. వాటికి తోడు అమ్మవి పాత నూలు చీరలు కొన్ని ఉన్నాయి. అన్నీ కలిపి హాల్లో గోడకు రెండడుగుల వెడల్పు, మూడడుగుల పొడవుతో ఒక బొంత కుట్టాలని ఉంది. పరుచుకునే బొంతలు చిన్నప్పటి నుంచీ చూసినవే గానీ, గోడకు ఎప్పుడూ కుట్టలేదు. కత్తెర పెట్టకముందే అడుగుతున్నా. లోపల ఏం వేయాలి? పట్టూ నూలూ కలిపి కుట్టొచ్చా? తగిలించినాక కింది మూలలు ముడుచుకోకుండా ఏం చేస్తారు? నాది తొక్కే మిషను, మోటారు లేదు.

జేజిబొంత_నంద్యాల:
అక్కా, పరుచుకునే బొంత బరువు నేల మోస్తాది. గోడ బొంత బరువంతా పైఅంచు ఒక్కటే మోయాల. తేడా అంతా అక్కడే వస్తాది. మా జేజి నాలుగైదు చీరలు పొరలు పొరలుగా వేసి కుట్టేది, చలికి అది బాగుంటాది. గోడకు అంత మందం వద్దు. పైన అతుకుల గుడ్డ, నడుమ పల్చటి పొర, వెనక గట్టి నూలుగుడ్డ, అంతే. నడిమి పొరా వెనక గుడ్డా పైదానికంటే నాలుగు దిక్కులా రెండేసి అంగుళాలు ఎక్కువ ఉంచుకో. కుట్టేకొద్దీ పొరలు లోపలికి గుంజుకుంటాయి, ఆ మిగులు లేకపోతే అంచు చాలదు.

వెనక గుడ్డను తిరగేసి నేల మీద బిగువుగా పరిచి అంచులకు టేపు అంటించు. జేజి కాలంలో మూలలకు రాళ్లు పెట్టేవాళ్లు. దాని మీద నడిమి పొర, ఆ పైన అతుకుల గుడ్డ. కచ్చాకుట్టు (తర్వాత తీసేసే పొడుగు కుట్టు) నడుమ నుంచి మొదలుపెట్టి అంచులకు పోవాల, బెత్తెడుకొక వరస. అంచు నుంచి లోపలికొస్తే మిగులు గుడ్డంతా నడుమకు చేరి, మిషను పాదం కింద మడత పడుతుంది. ఈ పని విసుగే, కానీ తొక్కే మిషను మీద మందం గుడ్డ కుట్టేవాళ్లకు దీన్ని మించిన సాయం లేదు. పాదం పైపొరను ముందుకు తోస్తాది, కింది పళ్లు కింది పొరను లాగుతాయి. కచ్చాకుట్టు దగ్గరగా ఉంటేనే రెండూ కలిసి కదులుతాయి.

ఎమ్మిగనూరు_మగ్గం:
నడిమి పొరకు మా ఊరి దుప్పటి వాడండి. మాచాని సోమప్ప గారు 1938లో చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు ఇది, 1954లో ఆయనకు పద్మశ్రీ కూడా వచ్చింది. ఊరివాడినని చెప్పడం కాదు, ఆ నేత దుప్పటి పాతబడేకొద్దీ మెత్తబడుతుంది గానీ సాగదు. గోడకు కావాల్సింది అదే. ఉతికి ఉతికి కుదించుకుపోయిన పాత దుప్పటైతే ఇంకా మేలు. కొత్తదైతే రాత్రంతా నీళ్లలో నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేసినాకే కోయండి. లేకపోతే తర్వాత ఎప్పుడో ఉతికినప్పుడు లోపలి పొర ఒక్కటే కుదించుకుని పైన ముడతలు లేస్తాయి.

ఆదోని_పత్తి:
దుప్పటి వేస్తే బాగా పలకలాగా ఉంటుంది, కుట్టు గీతలు పైకి కనపడవు. బొంతకు అందం ఆ ఉబ్బే కదా. మాది పత్తి మార్కెట్టు ఊరు కాబట్టి దూది గురించి చెప్తా. ఏకిన దూదిని వదులుగా పరిచి కుట్టాలంటే కుట్టు వరసల నడుమ రెండు అంగుళాలకు మించి ఎడం ఉండకూడదు. ఎడం ఎక్కువైతే నిలువుగా వేలాడేసరికి దూది జారి కిందికి ఉండలు కడుతుంది. పరుపుల అంగళ్లలో షీటుగా వచ్చే నూలు దూది దొరికితే అది తీసుకోండి. లేదంటే పాలిస్టర్ షీటు, వంద జీఎస్‌ఎం (చదరపు మీటరుకు వంద గ్రాములు) చాలు. తేలిగ్గా ఉంటుంది, ఉబ్బు నిలుస్తుంది. ఒక్కటే జాగ్రత్త, దాని మీద వేడి ఇస్త్రీపెట్టె పెట్టకూడదు. పైన నూలుగుడ్డ ఉంది కదా అని పెట్టినా లోపల కరిగి అణిగిపోతుంది, మళ్లీ లేవదు.

సూదిదారం_అనంతపురం:
అణిగిన పలక కంటే ఉబ్బే బాగుంటుందనిపిస్తోంది. కానీ పట్టు మీద ఇస్త్రీ లేకుండా అతుకులు చదునుగా ఎలా వస్తాయి?

దర్జీ_ప్రొద్దుటూరు:
అమ్మా, ఇస్త్రీ అంతా పొరలు కలపకముందే అయిపోవాల. అతుకు వేసిన ప్రతిసారీ వెనక నుంచి నొక్కి, ఆ తర్వాతే ఇంకో ముక్క కలపండి. షీటు వేసినాక ఇస్త్రీతో పని ఉండదు.

ఇంక పట్టు సంగతి. ముప్పై ఏండ్లుగా బ్లౌజులు కుడుతున్నా, పాత పట్టును చేతికి తీసుకోగానే ముందు కిటికీ వెలుతురుకు అడ్డం పెట్టి చూస్తా. గీతలు గీతలుగా వెలుగు దిగిందంటే పోగులు తెగుతున్నాయని లెక్క. అలాంటి ముక్క లాగుడు ఓర్వదు. అంచులు కలిపి కుడితే కుట్టు పక్కనే చిరుగుతాది. అందుకని పట్టును అతుకు వేయొద్దండి. ముందు నూలుచీరలతో పలక, అంటే పైన వచ్చే అతుకుల గుడ్డ, మొత్తం అతికేయండి. దాని మీద పట్టు ముక్కలు పరిచి, అంచు లోపలికి మడిచి చేత్తో కుట్టండి. బరువు నూలు మోస్తాది, పట్టు ఊరికే పైన కూర్చుంటాది. కొంగు మీద బుటాలు చక్కగా ఉంటే ఒక్కో బుటాకు ఒక్కో గడి ఇచ్చుకోవచ్చు.

ముక్క మరీ మెత్తగా ఉంటే వెనక పల్చటి పేస్టింగ్ (ఇస్త్రీ వేడికి అంటుకునే గుడ్డ) అంటించండి. కాలరుకు వేసే గట్టిది కాదు, చీర ఫాలు కంటే పల్చగా ఉండేది. మూల ముక్క మీద అంటించి చూసుకుని, అప్పుడు మిగతాదానికి పోండి. జరీ మీద నేరుగా ఇస్త్రీ పెట్టొద్దు, పల్చటి నూలుగుడ్డ అడ్డం వేయండి. జరీ అంచు కోస్తే పోగులు ఊడొస్తాయి, అక్కడ పావు అంగుళం కుట్టుబడి చాలదు, అరంగుళం ఉంచండి.

మూలలు ముడుచుకునేది ఎక్కువగా కోతలోనే మొదలవుతాది. అన్ని ముక్కలకూ నిలువు పోగు పైనుంచి కిందికే ఉండాల. ఒక్క పట్టీ క్రాసులో (పోగుకు ఏటవాలుగా) కోసినా అది సాగతానే ఉంటాది. చుట్టూ వేసే బార్డరు పట్టీని అంచు వెంబడి కొలవద్దు, పలక నడుమ అడ్డంగా కొలిచి ఆ కొలతకే కోసి, పలకను దానికి సరిచేసి కుట్టండి. అంచు అప్పటికే కాస్త సాగి ఉంటాది. ఆ కొలతకు పట్టీ కోస్తే అలలు అలలుగా వస్తాది.

మిషను సూది నూలుకు 14 నంబరు, పట్టుకు 11. అతుకులకు కుట్టు సన్నంగా, పొరలు కలిపేటప్పుడు కుట్టు పొడవు పెంచండి.

గృహిణి_ఎర్రగుంట్ల:
ఎరుపు, నీలం నూలు ముక్కలుంటే ముందు ఉప్పునీళ్లలో నానబెట్టండి, రంగు నిలుస్తుంది. మా అమ్మ అంతే చేసేది.

ఎమ్మిగనూరు_మగ్గం:
అక్కా, ఉప్పునీళ్లతో రంగు నిలవదు. ఉప్పు పని అద్దకం తొట్టిలోనే. అద్దకం అయిపోయిన గుడ్డకు ఇంట్లో ఉప్పు పెడితే వదిలే రంగు ఆగదు. ముక్కను తడిపి తెల్లగుడ్డ మీద ఒత్తి చూడటమే దారి. మరక పడితే మరక పడనంతవరకు ఉతకాలి, ఎంత ఉతికినా వదులుతుంటే ఆ ముక్కను పక్కన పెట్టాలి. తెల్లటి ముక్క పక్కన మాత్రం దాన్ని పెట్టనే పెట్టొద్దు.

గృహిణి_ఎర్రగుంట్ల:
మా ఇంట్లో బాగానే పనిచేసింది మరి.

దర్జీ_ప్రొద్దుటూరు:
ఉప్పు పెట్టినా పెట్టకపోయినా తెల్లగుడ్డతో చూసుకోండమ్మా, సరిపోతుంది.

లేపాక్షి_గీతలు:
డిజైను ఇంకా అనుకోకపోతే ఒకసారి లేపాక్షి గుళ్లో లతామంటపం చూసి రండి. స్తంభాల మీద గడులు గడులుగా తీగలు, పూలు, మెలికలు చెక్కి ఉంటాయి. చీర అంచులకు ఎన్నో అక్కడి నుంచే తీసుకున్నారు. ప్రతి గడీ దానికదే పూర్తయిన ముగ్గులాగా ఉంటుంది కాబట్టి బొంత గడికి అచ్చంగా సరిపోతుంది. నేను ఫోటో తీసుకుని, గళ్ల కాగితం మీద పెద్దది చేసి, కార్బన్ కాగితంతో గుడ్డ మీదికి దించుతాను. మరీ సన్నటి మెలికలు వదిలేయాలి, ఆరంగుళాల గడిలో మూడు నాలుగు ఆకులకు మించితే మడిచి కుట్టడం కష్టం. చుక్కల ముగ్గు కూడా ఇలాగే దించొచ్చు. కుట్టు గీతలకు మెలికల ముగ్గు ఎంత బాగుంటుందో చెప్పలేను, సూది ఎత్తకుండా ఒకే గీతలో పోవచ్చు.

కదిరి_అద్దాలు:
సుగాలీ (లంబాడీ) కుట్టు ముక్కలు పెట్టాలనుకునేవాళ్లకు ఒక మనవి. మా పక్క తండాల్లో పెద్దవాళ్ల దగ్గర అద్దాలూ గవ్వలూ కుట్టిన పాత లంగాలూ రవికెలూ ఇంకా ఉన్నాయి. వాటిని కొని కోసి బొంతలో అతకొద్దు. ఒక్కో రవికె వెనక నెలల పని ఉంటుంది. ఆ అక్కల చేత కొత్తగా చిన్న గడి కుట్టించుకోండి, అడిగిన కూలి ఇవ్వండి, బేరం చేయొద్దు. అద్దాలున్న గడికి వెనక గట్టి గుడ్డ వేసి పలకలో కింది వరసలో పెట్టండి. అద్దాల బరువుకు కింది అంచు నిలువుగా నిలుస్తుంది, మూలలు లేవవు.

సూదిదారం_అనంతపురం:
కింది వరస మాట చాలా బాగుంది. పట్టు పైన కూర్చోబెట్టే పద్ధతి కూడా రాసుకున్నాను. మరి తగిలించేది ఎలా? పైన రెండు కొక్కేలు కుడితే చాలా?

జేజిబొంత_నంద్యాల:
వద్దక్కా. రెండు కొక్కేల నడుమ గుడ్డ ఊయల మాదిరి దిగుతాది. వెనకవైపు పైన గొట్టం మాదిరి పట్టీ కుట్టుకో. ఎనిమిది అంగుళాల వెడల్పు గుడ్డ తీసుకుని, పొడవు బొంత వెడల్పు కంటే రెండు అంగుళాలు తక్కువ పెట్టు. చివర్లు మడిచి కుట్టి, నిలువుగా రెండుగా మడువు. ఆ కోసిన అంచులను బొంత పైఅంచుకు కలిపి, చుట్టూ వేసే పైపింగు (అంచును కప్పే పట్టీ)తోపాటే కుట్టెయ్. గొట్టం కింది అంచును వెనక గుడ్డకు మాత్రమే చేత్తో కుట్టాల, సూది ముందుకు రాకూడదు. లోపల గుండ్రటి కడ్డీ కంటే చదునైన చెక్కబద్ద మేలు, ముందుకు ఉబ్బెత్తుగా కనపడదు. బద్ద రెండు చివరలా ఒక్కో మేకు.

నీ కొలతకు చుట్టుకొలత 120 అంగుళాలు. పైపింగుకు 44 అంగుళాల పన్నా గుడ్డలో రెండున్నర అంగుళాల పట్టీలు మూడు కోస్తే అతుకులకూ మూలలకూ సరిపోతాది. అంచులు నేరుగా ఉన్నాయి కాబట్టి పట్టీ క్రాసులో కోయాల్సిన పని లేదు.

అద్దెఇల్లు_కడప:
మేకులు కొట్టనివ్వని ఇంట్లో ఉన్నవాళ్లకు: అడుగు వెడల్పులోపు చిన్న బొంతైతే గొట్టం అక్కర్లేదు. నాలుగు అంగుళాల చదరపు గుడ్డలు రెండు తీసుకుని మూలకు మూల మడిస్తే త్రికోణాలవుతాయి. వెనక పై మూలల్లో వాటిని పైపింగులో కలిపి కుడితే రెండు జేబులు వస్తాయి. వాటిలోకి చిన్న బద్ద దూర్చి, బద్ద నడుమ దారం కట్టి, గోడకు అంటించే హుక్కుకు వేసుకోవచ్చు. నేను మాధవరం చీర అంచులతో ఇలాంటివి కుట్టి పెళ్లిళ్లకు ఇస్తాను. ఇంటికి పోయినప్పుడు గోడ మీద కనపడుతుంటే అంత సంతోషం.

ఆదోని_పత్తి:
పడమటి కిటికీ ఎదురు గోడ మాత్రం వద్దు. మన ఎండకు ముందు పోయేది ఎరుపు, పట్టుకైతే పోగే పోతుంది. దుమ్ముకు ఉతకొద్దు. నెలకోసారి మెత్తటి బ్రష్షుతో పైనుంచి కిందికి తుడిచి, ఏడాదికోసారి నీడన తిరగేసి ఆరేస్తే చాలు.

సూదిదారం_అనంతపురం:
కుట్టడం అయినాక పలక ఏ మూలైనా కోణం తప్పితే?

దర్జీ_ప్రొద్దుటూరు:
పైపింగు వేయకముందు ఎదురు మూలల కొలతలు రెండూ చూడండి, సమానంగా ఉండాల. తేడా ఉంటే, పట్టు లేని పలకైతే పల్చగా నీళ్లు చల్లి, పరుపు మీద పరిచి, కొలతకు లాగి గుండుసూదులతో బిగించి, పూర్తిగా ఆరనివ్వండి. పట్టు ఉంటే నీళ్లు వద్దు, మరక పడతాది. మిగులు అంచులోనే కోణం చూసి కోసుకోండి. ఆ తర్వాతే పైపింగు.

చేతిసంచి_డోన్:
మధ్యలో అడ్డం వస్తున్నా, ఏమనుకోవద్దు. పాత జీన్స్ ప్యాంట్ల జేబులతో గోడకు తగిలించే సంచి కుడదామనుకుంటున్నా, పిల్లల పెన్నులూ కత్తెరలూ పెట్టుకునేదానికి. మందం అతుకుల దగ్గర మిషను కుట్లు వదిలేస్తోంది.

రాయదుర్గం_జీన్స్:
మా ఊళ్లో ఇంటింటికీ జీన్స్ కుట్టే పనే కాబట్టి రోజూ చూసేదే ఇది. సూది 16 గానీ 18 గానీ వేయండి, 14 జీన్సు మందానికి వంగిపోతుంది. మందం అతుకును కుట్టేముందు గుడ్డ అడ్డం పెట్టి సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తే అణుగుతుంది. పాదం అతుకు ఎక్కేటప్పుడు ముందువైపు లేస్తుంది, అప్పుడే కుట్లు వదిలేది. వెనకవైపు అంతే మందం మడిచిన జీన్స్ ముక్క పెడితే పాదం చదునుగా ఉండి దాటుకుంటుంది. అక్కడ తొక్కకుండా చక్రాన్ని చేత్తో తిప్పండి. జేబులను ప్యాంటు నుంచి ఊడదీయొద్దు, చుట్టూ అంగుళం గుడ్డతో సహా కోసి, ఆ అంగుళాన్నే వెనక గుడ్డకు కుట్టండి. బరువు కాబట్టి పైన బద్ద గొట్టం తప్పనిసరి, రెండు వరసలు కుట్టు వేయండి.