క్రోషే తోరణాలు, మ్యాట్లు, బొమ్మలు: అంచు లేవడం, రంగు దిగడం, ధర కట్టడం

కావలి_దారం:
అందరికీ నమస్కారం. ఇంట్లోనే క్రోషే అల్లి అమ్ముతున్నాను. గుమ్మం తోరణాలు, టీ కప్పు కింద వేసే గుండ్రటి మ్యాట్లు, తాళంచెవుల బొమ్మలు, ఈ మూడే. సంక్రాంతికి 12 తోరణాలు అడిగారు, ఎర్ర పూలు, తెల్ల అంచు. ఒప్పుకునే ముందు ఈ నాలుగూ తేల్చుకోవాలి.

మ్యాట్ నాలుగైదు రౌండ్లు దాటగానే అంచు అలలు అలలుగా లేస్తోంది, ఇస్త్రీ చేసినా నిలవడం లేదు. శాంపిల్ తోరణం ఉతికితే తెల్ల అంచు గులాబీ రంగుకి తిరిగింది. బొమ్మల్లో కుట్ల మధ్య నుంచి లోపలి దూది కనిపిస్తోంది. ఇక ధర. 350 చెబితే "బజార్లో 120కే వస్తోంది కదా" అంటున్నారు. శాంపిల్ తోరణం తూకం 85 గ్రాములు, అల్లడానికి 5 గంటలు పట్టింది. ఎంత చెప్పాలి?

ఒంగోలు_కొక్కెం:
ముందు మ్యాట్ సంగతి. అంచు లేచిందంటే రౌండ్‌కు పెంచాల్సిన దానికన్నా ఎక్కువ కుట్లు పెంచుతున్నారని. గిన్నెలా ముడుచుకుంటే తక్కువ పెంచినట్టు. లెక్క ఇది: పొట్టి కుట్టు, అంటే అమెరికా వాళ్ల సింగిల్ క్రోషే అయితే రౌండ్‌కు 6 పెరగాలి. 6, 12, 18, 24, 30. పొడుగు కుట్టు, అంటే వాళ్ల డబుల్ అయితే రౌండ్‌కు 12. 12, 24, 36, 48, 60. రెంటికీ మధ్యలో ఉండే హాఫ్ డబుల్‌కి 8 దగ్గర మొదలుపెట్టి చేతి బిగువును బట్టి సర్దుకోవాలి.

ఎక్కువమందికి తప్పు జరిగేది పేర్ల దగ్గర. బ్రిటిష్ పద్ధతిలో డబుల్ క్రోషే అంటే అమెరికా వాళ్ల సింగిల్. బ్రిటిష్ ట్రెబుల్ అంటే అమెరికా డబుల్. మన దగ్గర పాత పుస్తకాలు చూసి నేర్చుకున్నవాళ్లకు బ్రిటిష్ పేర్లు అలవాటు, యూట్యూబ్‌లో ఎక్కువగా అమెరికా పేర్లు. వీడియోలో "డబుల్, రౌండ్‌కు 12 పెంచండి" అంటే మీరు పాత అలవాటు కొద్దీ పొట్టి కుట్టు వేసి 12 పెంచితే, పొట్టి వరసలో అన్ని కుట్లకు చోటు ఉండదు, అంచు లేచి తీరుతుంది. పేరు చూడకండి, కుట్టు ఎత్తు చూడండి.

పేర్లు సరిగానే ఉంటే రౌండ్ మొదట్లో వేసే 3 చైన్ల (గొలుసు కుట్ల) దగ్గర చూడండి. ఆ 3 చైన్లను ఒక కుట్టుగా లెక్కపెట్టాక, అక్కడ పెంపు లేకపోయినా అదే రంధ్రంలో ఇంకో పొడుగు కుట్టు వేస్తే, వేసిన ప్రతి రౌండ్‌లో ఒకటి అదనం. రౌండ్ మూసే, ఎత్తు లేని స్లిప్ స్టిచ్‌లో కుట్టు వేసినా అంతే. ఒక్కో రౌండ్ అయ్యాక కుట్లు లెక్కపెట్టి కాగితం మీద రాసుకోండి. ఎనిమిదో రౌండ్‌లో కనిపించే తప్పు రెండో రౌండ్‌లోనే మొదలై ఉంటుంది, అంతవరకూ విప్పాల్సిందే. ఇస్త్రీతో అది పోదు.

తోరణానికి ఒక మాట. మొదటి పొడుగు చైన్ బిగుసుకుంటే పట్టీ మొత్తం విల్లులా వంగుతుంది. ఆ చైన్ ఒక్కటీ ఒక సైజు పెద్ద క్రోషే సూదితో వేసి, తర్వాత మామూలు సూదికి రండి. గుమ్మం లోపలి కొలత 36 అంగుళాలైతే పట్టీ 34 అల్లండి, నూలు పూల బరువుకు సాగుతుంది. అయినా మధ్యలో వేలాడుతుంటే వెనక అంచు వెంట ఒక వరస స్లిప్ స్టిచ్ వేయండి, సాగడం ఆగుతుంది. మేకులకు తగిలించే లూపులు రెండు కొసలకే కాకుండా మధ్యలో కూడా పెట్టండి.

పూలు నిలబడాలని అన్నం గంజి పెట్టబాకండి. మన వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, గాలిలో తేమ. గంజి పెట్టిన నూలుకు బూజు వస్తుంది, పురుగు చేరుతుంది. గుమ్మానికి వేలాడే వస్తువుకు తెల్ల గ్లూ ఒక వంతు, నీళ్లు రెండు వంతులు కలిపి పువ్వు ముంచి, పిండి, థర్మోకోల్ షీటు మీద పాలిథిన్ పరిచి, రేకులు ఒక్కొక్కటీ లాగి గుండుసూదులు గుచ్చి ఆరబెట్టండి. తుప్పు పట్టని సూదులే వాడండి, తెల్ల నూలు మీద తుప్పు మరక పోదు. అలా గ్లూ పెట్టిన తోరణం ఉతకకూడదని కొనేవాళ్లకు ముందే చెప్పాలి.

నూలుపోగు:
రంగు విషయం నేను చెబుతాను. అల్లాక ఉతికి చూడటం కాదు, ఉండ కొన్న రోజే చూడాలి. ఎరుపు, మెరూన్, ముదురు నీలం, ఏ రంగైనా సరే. జానెడు దారం కత్తిరించి, తడి తెల్ల గుడ్డలో చుట్టి, గోరువెచ్చటి సబ్బు నీళ్లలో 20 నిమిషాలు ఉంచి, గట్టిగా పిండి చూడండి. గుడ్డకు మరక అంటితే ఆ ఉండ తెలుపు పక్కన పనికిరాదు. ఉప్పు, వెనిగర్ వేస్తే రంగు ఆగుతుందని చాలామంది చెబుతారు. మిల్లులో అద్దకం సరిగా పట్టని నూలుకు ఇంట్లో అవి వేసినా ఆగదు. ఆ దారాన్ని ఒకే రంగు వస్తువుకు వాడేసుకోండి. మీ ఆర్డరుకు ఎరుపు, తెలుపు తప్పవు కాబట్టి పరీక్షలో నెగ్గిన కంపెనీ ఎరుపే కొనండి.

12 తోరణాలకు దారం ఒకేసారి తీసుకోండి. 85 గ్రాములను 12తో గుణిస్తే 1,020. తెగిన ముక్కలకు, విప్పి అల్లడానికి పదో వంతు కలిపితే 1,122. 50 గ్రాముల ఉండలైతే 23. ఎరుపెంత, తెలుపెంత అన్నది శాంపిల్ అల్లేటప్పుడు ఉండలను ముందూ వెనకా వంటింటి తక్కెడ మీద తూచి తేల్చుకోండి. లేబుల్ మీద లాట్ నంబరు, అంటే ఒకేసారి అద్దిన దారానికి వేసే నంబరు ఉంటుంది, ఒక రంగు ఉండలన్నిటికీ అది ఒకటే ఉండాలి. లాట్ మారితే అదే ఎరుపు పక్కపక్కన పెట్టినప్పుడు తేడా తెలిసిపోతుంది.

బొమ్మల్లో తప్పు దూదిది కాదు, సూదిది. 4 ప్లై (నాలుగు పోగుల) దారానికి లేబుల్ మీద ఎక్కువగా 3.5 లేదా 4 మి.మీ. అని ఉంటుంది, అది బట్టలకు. బొమ్మకు 2.5 తీసుకోండి, చేతికి మరీ కష్టమైతే 2.75. కుట్టులోకి సూది దించాక దారాన్ని సూది మీద చుట్టి లాగకుండా, సూదినే దారం మీదికి తెచ్చి కొక్కెంతో పట్టి లాగండి. కుట్టు వి ఆకారంలో కాకుండా ఇంటూ గుర్తులా పడి బిగుసుకుంటుంది. కుట్లు తగ్గించే చోట రెండు కుట్ల ముందు లూపుల్లో మాత్రమే సూది పెట్టి, రెంటిలోంచీ ఒకేసారి దారం లాగి ముగించండి. కన్నాలు ఎక్కువగా పడేది అక్కడే. అల్లిక బోర్లా తిరిగి ఉందేమో కూడా చూసుకోండి, ఆ ఇంటూ గుర్తులు కనిపించే ముఖం బయటికి ఉండాలి.

దూది బదులు పాలియెస్టర్ ఫైబర్ నింపండి. దూది తడిస్తే గడ్డ కడుతుంది, వానాకాలంలో లోపల ఆరక వాసన వస్తుంది. మూడేళ్లలోపు పిల్లల బొమ్మలకు ప్లాస్టిక్ కళ్లు, పూసలు వద్దు, నల్ల దారంతో కుట్టండి. కన్ను ఊడి గొంతులో పడితే ప్రాణం మీదికొస్తుంది. ఇంకో సంగతి, యాక్రిలిక్ దారానికి ఇస్త్రీ పెట్టె తగలనివ్వకండి, కరిగి సాగిపోతే మళ్లీ బిగువు రాదు.

పెన్నగట్టు:
ధర లెక్క రూపాయల్లో వేసి చూద్దాం చెల్లీ. ఉండ నీకు 70కి పడతా ఉందనుకుందాం. గ్రాముకు 1.40, అంటే 85 గ్రాములకు 119. పూసలు, గజ్జెలు 20. కవరు, కార్డు 15. వస్తువుల ఖర్చే 154 అయింది. ఇప్పుడు నీ 350లో అది తీసేస్తే 196 మిగిలింది, 5 గంటలకు పంచితే గంటకు 39 రూపాయలు. గంటకు 50 వేసుకున్నా కూలి 250, మొత్తం 404. వేస్టేజీకి, విప్పి అల్లే పనికి పదో వంతు కలిపితే 444. అంటే 450 చెప్పాలి. 350 అనేది నువ్వు ఎక్కువ చెప్పిన ధర కాదు, తక్కువ చెప్పిన ధర.

బజార్లో 120 తోరణంతో పోటీ పడబాక. నీ దారం ఖరీదే 119. ఆ తోరణం పక్కన నీది పెట్టి చూపించు, చేతికిచ్చి వెనక్కి తిప్పి చూడమను. అయినా ధర ఎక్కువంటే ధర తగ్గించబాక, పువ్వులు తగ్గించు. పదకొండు పూల తోరణం, ఏడు పూల తోరణం అని రెండు రకాలు పెట్టుకుంటే వాళ్ల చేతిలో ఉన్న డబ్బుకు తగినది వాళ్లే ఎంచుకుంటారు. 12 ఒకేసారి తీసుకుంటా ఉన్నారు కదా అని తగ్గింపు అడుగుతారు. దారంలో తగ్గించడానికి నీకేం లేదు, వరసగా ఒకే పువ్వు అల్లితే చెయ్యి వేగం పెరిగి గంట మిగిలితే ఆ గంటలో కొంత వదులుకో.

12 తోరణాలకు 60 గంటలు. రోజుకు 3 గంటలు కూర్చుంటే 20 రోజులు, గ్లూ పెట్టి ఆరబెట్టడానికి ఇంకో నాలుగు. ముసురు పట్టిందంటే అదీ చాలదు. డిసెంబరు మొదటి వారంలో మొదలుపెట్టేదుంటేనే ఒప్పుకో. సగం డబ్బు ముందు తీసుకో, రంగులు, కొలత వాట్సాప్‌లో రాతపూర్వకంగా ఒప్పించుకో. "ఎరుపు" అని నోటితో అనుకుంటే మెరూన్ అడిగామని చివర్లో మాట మారుస్తారు.

బొమ్మల దగ్గర చట్టం ఒకటి ఉంది, చాలామందికి తెలీదు. 14 ఏళ్లలోపు పిల్లలు ఆడుకునే బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. కేంద్ర హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ దగ్గర నమోదైన చేతివృత్తులవాళ్లు తయారుచేసి అమ్మే బొమ్మలకు మినహాయింపు ఉంది. ఆ నమోదుకు ఇచ్చేదే పెహచాన్ కార్డు. పిల్లల బొమ్మలు అమ్మేటట్టయితే ఆ కార్డు తీసుకున్నాకే అమ్ము. చిన్న వ్యాపారాలకు కేంద్రం ఇచ్చే ఉద్యమ్ నమోదు కూడా ఆన్‌లైన్‌లో ఉచితం, ఎవరికీ డబ్బు ఇయ్యబాక. జీఎస్టీకి భయపడబాక, మన ఆంధ్రప్రదేశ్‌లో సరుకు అమ్మేవాళ్లకు ఏడాది అమ్మకాలు 40 లక్షలు దాటితేనే. బయట రాష్ట్రాలకు పంపేటప్పుడు నియమాలు వేరు, అప్పుడు ఆడిటర్‌ను అడుగు.

ఫోటో కింద "నరసాపురం లేసు" అని మాత్రం రాయబాక. దానికి 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది, అంటే ఆ ప్రాంతంలో అల్లినదానికే ఆ పేరు. ఉదయగిరి చెక్క గరిటెల పేరు పెట్టి ఇంకెక్కడో చేసినవి అమ్మితే మనకెట్లా ఉంటుంది?

కావలి_దారం:
చాలా థ్యాంక్స్ అండి. లెక్కపెట్టి చూశా, ఐదో రౌండ్‌లో 60 ఉన్నాయి, కానీ వేసినవి పొట్టి కుట్లు. ఒంగోలు అక్క చెప్పినట్టే పేర్ల తేడా. పెన్నగట్టు అక్కా, పాత కస్టమర్లకు 350 అని ఇదివరకే చెప్పేశాను, వాళ్లకెట్లా?

పెన్నగట్టు:
మాట ఇచ్చినవి 350కే ఇచ్చేయి, కొత్తగా అడిగేవాళ్లకు 450. పాతవాళ్లు మళ్లీ అడిగితే ఏడు పూల తోరణం 350 అని చెప్పు. అది ముందు ఒకటి అల్లి, గ్రాములు, గంటలు రాసుకున్నాకే చెప్పు. చిన్న తోరణమైనా పట్టీ పొడుగు తగ్గదు, దారం అనుకున్నంత తగ్గదు.

నూలుపోగు:
ఆ 60 కుట్ల మ్యాట్లు విప్పేటప్పుడు దారం వంకీలు వంకీలుగా వస్తుంది. అలాగే అల్లితే కుట్లు సమంగా పడవు. కుర్చీ వీపుకు లచ్చి చుట్టి, నాలుగు చోట్ల వదులుగా కట్టి, చల్లటి నీళ్లలో ముంచి నీడన వేలాడదీయండి. ఆరేసరికి సాఫు అవుతుంది.